టోనర్ పీసీబీ: ప్రింటు కొలత ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

లేజర్ ప్రింటులోని టోనరును ఇస్త్రీపెట్టెతోనో లామినేటర్‌తోనో రాగి పలక మీదికి దించి ఇంట్లో చేసిన సర్క్యూట్ బోర్డు (పీసీబీ)లో ఐసీ సాకెట్ పెడితే, ఒక కొస పిన్నులు దిగి రెండో కొసవి రంధ్రాల అంచుల మీదే ఆగిపోతుంటాయి. వెంటనే డ్రిల్లింగ్‌ను అనుమానిస్తాం. చాలాసార్లు తప్పు అంతకు ముందే జరిగిపోయి ఉంటుంది: కాగితం మీద పడిన బొమ్మే కాస్త చిన్నదో పెద్దదో అయి ఉంటుంది.

ఎంత తేడా వస్తే పని చెడుతుందో ముందు లెక్క చూద్దాం. డిప్ ఐసీలో (రెండు వరుసల పిన్నులు రంధ్రాల్లోకి దిగే చిప్) పక్కపక్క పిన్నుల మధ్య దూరం 2.54 మి.మీ. ప్రింటు 1% తగ్గితే ఒక్కో సందులో పోయేది 0.025 మి.మీ. మాత్రమే, కంటికి ఆనదు. 8 పిన్నుల 555 టైమర్ ఐసీలో వరుసకు మూడే సందులు కాబట్టి మొత్తం 7.62 మి.మీ.లో తేడా 0.08 కూడా రాదు. 40 పిన్నుల ఐసీకి వరుసకు 19 సందులు, అంటే 48.26 మి.మీ. అందులో 1% దాదాపు అర మిల్లీమీటరు. ఐసీని మధ్యకు సర్దినా రెండు కొసల్లో 0.24 చొప్పున పడుతుంది. పిన్ను మందం మూల నుంచి మూలకు సుమారు 0.52, రంధ్రం 0.8. అంటే అటూ ఇటూ ఉన్న వెసులుబాటు 0.14 మాత్రమే. పిన్నులు వంచితే తప్ప దిగదు. తప్పు 0.5%కి తగ్గితే కొసల్లో 0.12 వస్తుంది, బిగువుగానైనా కూర్చుంటుంది.

కాబట్టి ఒక వైపే రాగి ఉన్న మామూలు బోర్డుకు 0.5% లోపు తెచ్చుకుంటే చాలు, అంతకంటే కిందికి దించడానికి పడే శ్రమ దండగ. కొత్తవాళ్ళు ఎక్కువగా భయపడేది రంధ్రాలు లేకుండా రాగి మీదే టంకం వేసే సన్న పిన్నుల ఎస్‌ఎమ్‌డీ చిప్‌ల గురించి. నిజానికి కొలత విషయంలో వాటికి ప్రమాదం తక్కువ. 0.5 మి.మీ. పిచ్ (పిన్నుల మధ్య దూరం) ఉన్న 100 పిన్నుల టీక్యూఎఫ్‌పీ అనే చదరపు చిప్‌లో ఒక వైపు పొడవు 12 మి.మీ. మాత్రమే, 1% తప్పు వచ్చినా కొసల్లో 0.06 దాటదు. అక్కడ ఇబ్బంది పెట్టేది గీతలు అతుక్కుపోవడం, అది వేరే సంగతి. కొలత దెబ్బతీసేది పొడవాటి వాటిని: 40 పిన్నుల సాకెట్లు, బారు హెడర్లు (వరుస పిన్నుల కనెక్టర్లు), ఆర్డుయినో కంట్రోలర్ బోర్డు మీద కూర్చునే షీల్డులు, ఈఎస్‌పీ32 వైఫై బోర్డులు, రెండు వైపులా రాగి ఉన్న పలకలు.

కొలిచే చట్రం

అసలు బోర్డు ప్రింటు తీసే ముందు ఒక పరీక్ష షీటు గీయండి. 150 × 200 మి.మీ. దీర్ఘచతురస్రం, గీత మందం 0.2. ఈ కొలతలే ఎందుకంటే దాని కర్ణం కచ్చితంగా 250 మి.మీ. వస్తుంది. రెండు కర్ణాలూ సమానంగా లేకపోతే ప్రింటరు కాగితాన్ని ఏటవాలుగా లాగుతోందని అర్థం, ఆ తప్పును ఏ స్కేల్ సంఖ్యా సరిచేయదు. చట్రం 200 వైపును కాగితం పొడవు వెంట పెట్టండి. కాగితం ప్రింటరులోకి ఏ దిక్కున వెళుతుందో ఒక బాణం గుర్తు కూడా గీయండి. తర్వాత ఏది ఎక్స్, ఏది వై అన్న గందరగోళంలో ఆ బాణమే ఆదుకుంటుంది. బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ కైక్యాడ్‌లో పేజీ మామూలుగా అడ్డంగా ఉన్న ఏ4గా తెరుచుకుంటుంది, ప్రింటరులో కాగితం నిలువుగా వెళుతుంది. అంటే తెర మీది ఎక్స్ కాగితం పోయే దిక్కు అవుతుంది. దీన్ని మరిచిపోయి సవరణను తిరగేసి ఇచ్చేవారు చాలామంది.

చట్రాన్ని బోర్డు గీసే సాఫ్ట్‌వేర్‌లోనే గీయండి. బోర్డు ఏ దారిన ప్రింటరుకు చేరుతుందో చట్రం కూడా ఆ దారినే చేరాలి. వర్డ్‌లో గీసిన గీత సరిగ్గా వచ్చినంత మాత్రాన కైక్యాడ్ నుంచి తీసిన పీడీఎఫ్ సరిగ్గా వస్తుందని కాదు.

కొలవడానికి 300 మి.మీ. స్టీలు స్కేలు కావాలి. పిల్లల ప్లాస్టిక్ స్కేళ్ళను నమ్మవద్దు, రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఎందుకో తెలుస్తుంది. స్కేలు కొస అరిగి ఉండొచ్చు కాబట్టి సున్నా దగ్గర కాకుండా 10 మి.మీ. గీత దగ్గర మొదలుపెట్టి, చివర్లో 10 తీసేయండి. ఒక గీత ఎడమ అంచు నుంచి రెండో గీత ఎడమ అంచు వరకు కొలవాలి. టోనరు కాస్త పరుచుకుని గీత లావైనా రెండు చోట్లా ఒకేలా లావవుతుంది కాబట్టి కొలతలో అది కొట్టుకుపోతుంది. లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలిస్తే ఆ లావు కూడా స్కేల్ తప్పులా కనిపిస్తుంది. భూతద్దం పెట్టుకుంటే పావు మిల్లీమీటరు వరకు చదవొచ్చు. 200 మి.మీ. మీద అది 0.125%, మనకు సరిపోతుంది. డిజిటల్ వెర్నియర్ ఉంటే 150 వైపుకు వాడుకోండి, కానీ దాని దవడలు కాగితాన్ని నొక్కకుండా గీతల పైన తేలినట్టు పట్టాలి.

నిష్పత్తిని బట్టి దొంగను పట్టుకోవడం

వచ్చిన కొలతను రావలసిన కొలతతో భాగించండి. ఆ సంఖ్య చాలాసార్లు తప్పు ఎక్కడుందో నేరుగా చెప్పేస్తుంది.

0.96 – 0.97 వస్తే ఎక్కడో ‘ఫిట్’ అనే ఐచ్ఛికం పనిచేస్తోంది. ప్రింటరు అంచుల్లో నాలుగు మిల్లీమీటర్ల దాకా అచ్చు వేయలేదు, ఆ లోపలి చోటుకు ఏ4 పేజీని కుదిస్తే 96% అవుతుంది. అమెరికా లెటర్ కాగితానికి (215.9 × 279.4) అమర్చిన పేజీని ఏ4 (210 × 297) వెడల్పుకు కుదించినా 97% వస్తుంది. దీనికి తిరగబడి, ఏ4 పేజీని లెటర్ అనుకుంటున్న డ్రైవరు కుదిస్తే 0.94. కొత్త ప్రింటర్ల డ్రైవర్లలో కాగితం సైజు లెటర్ అని ఉండిపోవడం మామూలే, తప్పక చూడండి.

0.9375 లేదా 1.067 వస్తే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ పాత ఫైలు చేయి ఉన్నట్టే. ఇంక్‌స్కేప్ 0.92 వెర్షన్‌కు ముందు అంగుళానికి 90 పిక్సెళ్ళ లెక్క ఉండేది, ఆ వెర్షన్ నుంచి 96 అయింది. పాత ఎస్‌వీజీ ఫైలును కొత్తదానిలో తెరిచినప్పుడు అది అడిగే ప్రశ్నకు చూడకుండా ఓకే కొడితే ఈ తేడా వస్తుంది. 0.75 లేదా 1.33 వస్తే ఒకచోట 72, ఇంకోచోట 96 లెక్క కలిసిపోయింది. 3.125 రెట్లు పెద్దదైతే 300 డీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్ళ) బొమ్మను 96గా చదివింది. 0.707 అయితే ఏ3 పేజీ ఏ4లోకి దూరింది.

ఇవేవీ కాకుండా తేడా 1% లోపే ఉండి, అడ్డానికీ నిలువుకూ వేరువేరుగా ఉంటే అప్పుడే అది ప్రింటరు యంత్రానిది. సెట్టింగుల తప్పు ఉండగా సవరణ సంఖ్యలు వేసి పైపైన సరిచేయకండి. మరో కంప్యూటరు నుంచి ప్రింటు తీసిన రోజు అంతా తారుమారవుతుంది.

సెట్టింగుల గొలుసు

బొమ్మ కాగితం మీదికి చేరేలోపు మూడు చోట్ల సైజు మారే అవకాశం ఉంది: బోర్డు సాఫ్ట్‌వేర్, పీడీఎఫ్ తెరిచే ప్రోగ్రాము, ప్రింటరు డ్రైవరు. మూడూ ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి.

కైక్యాడ్‌లో ప్లాట్ చేసేటప్పుడు (బొమ్మను ఫైలుగా తీసేటప్పుడు) స్కేలింగ్ 1:1 ఉండాలి, ‘ఆటో’ ఉండకూడదు. డ్రిల్ మార్క్స్ దగ్గర ‘స్మాల్’ ఎంచుకోండి: ప్యాడ్ (పిన్నుకు టంకం వేసే రాగి బిళ్ళ) మధ్యలో చిన్న చుక్క రాగి పోయి, డ్రిల్ ముల్లు జారకుండా అక్కడే దిగుతుంది. పూర్తి రంధ్రం సైజు ఎంచుకుంటే ముల్లు నిలిచే చోటు ఉండదు. ఈగిల్ అనే మరో బోర్డు సాఫ్ట్‌వేర్ వాడుతున్నవారు ప్రింటు పెట్టెలో స్కేల్ ఫ్యాక్టర్ 1, పేజ్ లిమిట్ 0 ఉన్నాయో లేదో చూడాలి. పేజ్ లిమిట్‌లో వేరే సంఖ్య ఉంటే, అన్ని పేజీల్లో పట్టించడానికి అది బొమ్మనే కుదించేస్తుంది.

పీడీఎఫ్‌ను అడోబీ రీడర్‌లో తెరిస్తే ‘యాక్చువల్ సైజ్’, సుమత్రా పీడీఎఫ్ ప్రోగ్రాములో ‘యూజ్ ఒరిజినల్ పేజ్ సైజెస్’ ఎంచుకోండి. రీడర్‌లోని ‘ష్రింక్ ఓవర్‌సైజ్డ్ పేజెస్’ ఒక ఉచ్చు. చిన్న పేజీలను ముట్టుకోదు, అంచుల దాకా ఉన్న వాటిని మాత్రం కుదిస్తుంది. అందుకే కొన్ని ప్రింట్లు సరిగ్గా, కొన్ని తప్పుగా వచ్చి తల తిరుగుతుంది. బ్రౌజర్ నుంచి నేరుగా ప్రింటు తీయవద్దు. తప్పకపోతే క్రోమ్‌లో స్కేల్ ‘కస్టమ్’ పెట్టి 100 ఇచ్చి, చట్రం కొలిచి చూడండి.

డ్రైవరులో స్కేలింగ్, ఫిట్ టు పేపర్, షీటుకు రెండు పేజీలు వంటివన్నీ ఆపండి. టోనర్ సేవ్ కూడా ఆపాలి. అది సైజును మార్చదు గానీ పలచబడిన టోనరు ఎచింగ్‌లో (అక్కర్లేని రాగిని రసాయనంతో కరిగించే పనిలో) నిలవదు.

బొమ్మను పీఎన్‌జీగా తీసి వర్డ్‌లో అతికించే అలవాటు మానుకోండి. మూలను పట్టుకుని కొంచెం లాగినా సైజు పోతుంది, ఎంత పోయిందో గుర్తు కూడా ఉండదు. పీఎన్‌జీ తప్పనిసరి అయితే 600 డీపీఐలో తీయండి: 2.54 మి.మీ. అంటే సరిగ్గా 60 పిక్సెళ్ళు, లెక్క తేలిక.

జిరాక్స్ సెంటరులో తీయించేటప్పుడు

ఇంట్లో లేజర్ ప్రింటరు లేనివాళ్ళే ఎక్కువ. ఫైలును వాట్సాప్‌లో ఫోటోగా పంపితే పిక్సెళ్ళు కుదించుకుపోతాయి, డీపీఐ సమాచారం కూడా పోతుంది. పీడీఎఫ్‌ను డాక్యుమెంట్‌గా పంపండి. ఒక్కో బోర్డు పేజీ మూలలో 100 మి.మీ. గీత ఒకటి వేసి ఉంచండి. “అన్నా, ఫిట్ తీసేసి యాక్చువల్ సైజ్‌లో కొట్టండి” అని చెప్పి, మొదటి కాపీ మామూలు కాగితం మీద తీయించి, జేబులో తెచ్చుకున్న స్కేలుతో అక్కడే ఆ గీత కొలవండి. సరిగ్గా ఉంటే టోనరు దించడానికి తెచ్చుకున్న నున్నని ఆర్ట్ పేపరు ఇవ్వండి. ఇంక్‌జెట్ ప్రింటును జిరాక్స్ తీయించడం రెండో మార్గమే, ఎందుకంటే ఇంక్‌జెట్ తప్పు మీద జిరాక్స్ మెషీను తప్పు కూడా చేరుతుంది. పైగా మెషీనులో జూమ్ సాధారణంగా 1% మెట్లలోనే మారుతుంది, మనకు కావలసింది అంతకంటే సన్నం.

ప్లాస్టిక్ పూత ఉన్న ఇంక్‌జెట్ ఫోటో పేపరును, ఇంక్‌జెట్ ఓహెచ్‌పీ షీటును లేజర్ మెషీనులో పెట్టనివ్వకండి. ఫ్యూజర్ (టోనరును వేడితో కాగితానికి అంటించే భాగం) వేడికి కరిగి దాని రోలర్లకు చుట్టుకుంటే ఆ ఖర్చు మీ మీద పడుతుంది.

యంత్రం చేసే తప్పు, దాని సవరణ

లేజర్ ప్రింటరులో అడ్డం కొలతను తిరిగే అద్దం మీది లేజర్ కిరణం నిర్ణయిస్తుంది, నిలువు కొలతను డ్రమ్ము, రోలర్ల వేగం నిర్ణయిస్తుంది. రెండు వేరు వేరు యంత్రాంగాలు కాబట్టి తప్పులూ వేరుగా ఉంటాయి. నున్నని కాగితం రోలర్ల కింద జారితే నిలువు కొలత ఇంకొంచెం మారుతుంది. దానికి తోడు ఫ్యూజర్ వేడికి కాగితంలోని తేమ పోయి కుంచించుకుంటుంది, అదీ నార ఉన్న దిక్కుకు అడ్డంగా ఎక్కువ. వానాకాలంలో కాకినాడలోనో విశాఖలోనో తెరిచి ఉంచిన కట్టలోని కాగితం, ఏప్రిల్ ఎండలో హైదరాబాదులోని కాగితం ఒకేలా ప్రవర్తించవు.

దీనికి పాత చిట్కా ఒకటుంది. ఆర్ట్ పేపరును ముందు ఖాళీ పేజీగా ఒకసారి ప్రింటరు గుండా పంపండి. కుంచించుకోవలసినదంతా అప్పుడే కుంచించుకుంటుంది. వెంటనే, మళ్ళీ తేమ పట్టకముందే, రెండోసారి బొమ్మతో పంపండి. మిగిలిన కాగితాన్ని జిప్ కవరులో పెట్టుకోండి. వెనుక మూత తెరిస్తే కాగితం వంగకుండా నేరుగా బయటికి వచ్చే ప్రింటరైతే ఆ దారే వాడండి.

ఇప్పుడు సవరణ. బొమ్మకు వాడబోయే అదే కాగితం, అదే ట్రే, అదే కాగితం రకం సెట్టింగుతో చట్రం మూడు ప్రింట్లు తీసి సగటు చూడండి. ‘థిక్’ అని మారిస్తే వేగం, వేడి మారతాయి, కొలతా మారుతుంది. 150 రావలసిన చోట 149.4 వస్తే గుణకం 150 ÷ 149.4 = 1.0040. 200 రావలసిన చోట 198.9 వస్తే 200 ÷ 198.9 = 1.0055. మూడు ప్రింట్ల మధ్యే అర మిల్లీమీటరు తేడా ఉంటే సవరణకు అర్థం లేదు, ముందు రోలరు తుడవండి.

ఈ రెండు సంఖ్యలు ఎక్కడ ఇవ్వాలి? పీడీఎఫ్ ప్రింటు పెట్టెలో స్కేల్ ఒకటే ఉంటుంది కాబట్టి అక్కడ కుదరదు. కైక్యాడ్ ప్లాట్‌లో పోస్ట్‌స్క్రిప్ట్ అనే ఫైలు రకం ఎంచుకుంటే ఎక్స్, వై స్కేల్ ఫ్యాక్టర్లు విడివిడిగా కనిపిస్తాయి. ఆ ఫైలును ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాముతో పీడీఎఫ్ చేసుకోవచ్చు, పేజీ ఏ4గానే ఉందో లేదో ఒకసారి చూడండి. ఈగిల్‌లో ప్రింటు పెట్టెలోనే క్యాలిబ్రేట్ అనే చోట ఎక్స్, వై ఉంటాయి. మిగతా సాఫ్ట్‌వేర్లకు ఇంక్‌స్కేప్ దారి: పీడీఎఫ్‌ను తెరిచి అన్నీ ఎంచుకుని గ్రూప్ చేసి, ట్రాన్స్‌ఫార్మ్‌లో స్కేల్ ట్యాబ్‌కు వెళ్ళి, వెడల్పు 100.40%, ఎత్తు 100.55% అని ఇవ్వండి. ‘ప్రపోర్షనల్’ టిక్కు తీసి ఉండాలి. ఏది వెడల్పో ఏది ఎత్తో బాణం గుర్తు చూసి నిర్ణయించండి. తర్వాత చట్రాన్ని అదే సవరణతో మళ్ళీ ప్రింటు తీసి కొలిస్తేనే పని పూర్తయినట్టు.

రెండు వైపుల బోర్డు

ఇక్కడ అసలు కొలత కంటే రెండు వైపులూ ఒకే తప్పుతో ఉండటం ముఖ్యం. రెండూ 0.4% చిన్నవైతే రంధ్రాలు కలుస్తాయి. ఒకటి 0.4% చిన్నదై, ఇంకొకటి సరిగ్గా ఉంటే 100 మి.మీ. బోర్డులో 0.4 మి.మీ. జరుగుతుంది. 1.6 ప్యాడ్‌లో 0.8 రంధ్రం చుట్టూ ఉండే రాగి వెడల్పు కూడా అంతే. రెండు వైపుల మధ్య తేడా 0.2% లోపు ఉండేలా చూసుకోండి.

అందుకే రెండు పొరలనూ ఒకే షీటు మీద, ఒకే దిక్కున పెట్టి ప్రింటు తీయాలి. కాగితం ఆదా అని ఒకదాన్ని 90 డిగ్రీలు తిప్పారంటే ఒకదాని అడ్డం తప్పు రెండోదాని నిలువు తప్పుతో తలపడుతుంది. కింది రాగి పొరను మిర్రర్ (అద్దంలోలా తిప్పడం) చేయకుండా, పై పొరను మిర్రర్ చేసి తీయండి. రెండు కాగితాల మీదా అక్షరాలు తిరగబడి కనిపిస్తేనే రాగి మీద సరిగ్గా పడతాయి. ఇస్త్రీ చేసే ముందు షీట్లను వెలుతురుకు పట్టి, ఎదురెదురు మూలల్లోని నాలుగు ప్యాడ్లు కలుస్తున్నాయో లేదో చూసి, కవరులా అంచులు అతికించి పలకను మధ్యలోకి దూర్చండి.

వేడి చేసే మార్పు

కాగితం మీద కచ్చితంగా ఉన్నది రాగి మీద కాస్త తగ్గవచ్చు. ఫైబర్‌గ్లాస్ పలక డిగ్రీకి పది లక్షలకు సుమారు 15 భాగాలు వ్యాకోచిస్తుంది. ఇస్త్రీ వేడిలో 130 డిగ్రీలు పెరిగితే 100 మి.మీ.కు దాదాపు 0.2. పలక సాగి ఉన్నప్పుడు టోనరు అంటుకుని, చల్లారాక పలకతో పాటు కుదించుకుంటుంది. పెద్ద బోర్డులు చేసేవారు చివరి కొలత తుక్కు రాగి ముక్క మీద టోనరు దించాక తీసి, గుణకంలో కలుపుకోవడం మంచిది. చిన్న బోర్డులకు అవసరం లేదు. ఇస్త్రీపెట్టెను పక్కలకు తోసినప్పుడు బొమ్మ జరిగితే అది మాత్రం స్కేల్ తప్పు కాదు: ఒక మూల బాగుండి మరో మూల మసకగా, గీతలు రెండుగా కనిపిస్తాయి.

కొలత తప్పుగా కనిపించే వేరే తప్పులు

కోఠీ గుజరాతీ గల్లీలో తెచ్చిన కనెక్టరు దిగకపోతే ప్రింటరును తిట్టే ముందు కనెక్టరును కొలవండి. జేఎస్‌టీ ఎక్స్‌హెచ్ రకం కనెక్టరు పిచ్ 2.50, సాధారణ హెడర్‌ది 2.54. పది పిన్నులకు 0.36 మి.మీ. తేడా. స్క్రూ టెర్మినళ్ళు 5.00, 5.08 రెండు రకాలూ వస్తాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి. ఎనిమిది పిన్నులకు 0.56 మి.మీ. తేడా. ఆర్డుయినో ఊనోలో డిజిటల్ 7, 8 పిన్నుల మధ్య సందు 2.54 కాదు, 4.064. ఈఎస్‌పీ32 బోర్డుల్లో రెండు వరుసల మధ్య దూరం తయారీదారును బట్టి మారుతుంది, మీ చేతిలో ఉన్నదాన్నే కొలిచి ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద దాని రంధ్రాల అమరిక) గీయండి.

ఈ తప్పులన్నీ ఒకేసారి పట్టుబడాలంటే, మామూలు కాగితం మీది ప్రింటును థర్మోకోల్ ముక్క మీద అతికించి విడిభాగాలను అందులో గుచ్చి చూడండి. పొడవాటి సాకెట్లు, కనెక్టర్లు, రిలేలు చాలు, రెసిస్టర్లు అక్కర్లేదు. పై పొర వైపు నుంచి చూసినట్టు ప్రింటు తీయాలి, లేకపోతే ఐసీ తిరగబడుతుంది.

బోర్డు ఇప్పటికే ఎచ్ అయిపోయి, 40 పిన్నుల సాకెట్ దిగకుండా ఉంటే పారేయనక్కర లేదు. మెషీన్డ్ సిప్ స్ట్రిప్పును (ఒకే వరుస ఉండే సాకెట్ పట్టీ) వరుసకు పదేసి పిన్నుల ముక్కలుగా కోసి, మధ్యలో సన్నని సందు వచ్చేలా పెట్టండి. ప్రింటు చిన్నదైతే ముక్కల కొసలను ఆకురాయితో రుద్దాలి. కొసల నాలుగేసి రంధ్రాలను మాత్రం 1.0 మి.మీ. డ్రిల్లుతో వెడల్పు చేసి, ఐసీని సాకెట్‌లో గుచ్చి ఉంచే టంకం వేయండి. టంకం చల్లారేదాకా ఐసీయే ముక్కలను వరుసలో పట్టి ఉంచుతుంది. ఈ పనికి పాడైపోయిన ఐసీని వాడండి, మంచిది వేడెక్కకుండా ఉంటుంది.